తండ్రి మరణం తరువాత అశ్వత్థామ: సౌప్తికపర్వం నుంచి దూరదర్శన్ ధారావాహిక వరకు

బి.ఆర్. చోప్రా ‘మహాభారత్’ ధారావాహిక 1988 అక్టోబరు 2న దూరదర్శన్‌లో మొదలై 1990 వరకు, 94 భాగాలుగా, ఆదివారాల్లో ప్రసారమైంది. సంభాషణలు హిందీలో ఉన్నా తెలుగు ప్రేక్షకులకు అది పెద్ద అడ్డంకి కాలేదు. కథ వారికి ముందే తెలుసు. కవిత్రయం, పద్యనాటకం, పౌరాణిక చలనచిత్రం ఆ పని ఎప్పుడో చేసిపెట్టాయి. అయితే తెలుగు ప్రేక్షకుడికి ముందుగా అంత పరిచయం లేని పాత్రలు కొన్ని ఆ ధారావాహికలో ఉన్నాయి. వాటిలో అశ్వత్థామ ఒకటి. మన రంగస్థలం రాయబారాన్ని రాత్రుళ్లకు రాత్రుళ్లు పాడుకుంది గాని, సౌప్తికం జోలికి అంతగా పోలేదు. నిద్రిస్తున్నవారిని చంపే ఘట్టంలో రాగం తీయడానికి చోటెక్కడిది? అశ్వత్థామకు ఒక ముఖం, ఒక కంఠం, ఒక నడక తెలుగు ఇళ్లలోకి వచ్చింది చాలావరకు ఈ ధారావాహిక ద్వారానే. ఆ పాత్ర ధరించిన ప్రదీప్ రావత్ ‘సై’ (2004)లో ప్రతినాయకుడై తెలుగు ప్రేక్షకులకు మళ్లీ ఎదురయ్యాడు.

దృశ్యరూపంలో ఈ పాత్ర పతనం ప్రేక్షకుడికి ఒక సరళసూత్రంగా అందుతుంది. తండ్రిని అన్యాయంగా చంపారు, కొడుకు శోకంతో ఉన్మత్తుడయ్యాడు, ఆ ఉన్మాదంలో చేయరానిది చేశాడు. ద్రోణుడి శిరస్సు నేలకొరిగిన దృశ్యం నుంచి ఉపపాండవుల వధ వరకు ఒక నిలువుగీత గీసినట్లు ఉంటుంది ఈ కార్యకారణ సంబంధం. వారానికి ఒక్కసారి వచ్చే కథలో ప్రేక్షకుడు వారాల తరబడి గుర్తుంచుకోగలిగేది బలమైన ఒక్క కారణాన్నే కాబట్టి ఈ కుదింపును తప్పుపట్టనక్కరలేదు. కాని ఆ సూత్రమే మూలకథ సారమని ఇప్పుడు స్థిరపడిపోతున్నది. అది మూలంలో ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. తండ్రి మరణం అశ్వత్థామ పతనానికి సందర్భమే గాని కారణం కాదని, శోకాన్ని అతడు ఒక వాదంగా మలచుకున్న రాత్రే ఆ పతనం జరిగిందని ఇక్కడి ప్రతిపాదన.

ద్రోణుడి మరణమే సాధారణమైన మరణం కాదు. యుద్ధం పదిహేనో రోజున భీముడు అశ్వత్థామ అనే పేరుగల ఏనుగును చంపి, ‘అశ్వత్థామ హతుడయ్యాడు’ అని కేక వేశాడు. ద్రోణుడు నమ్మలేదు. ధర్మరాజు నోట విన్న తరువాతనే నమ్మి, క్రమంగా యుద్ధంపై విముఖుడై, ఆయుధం విడిచి యోగంలో కూర్చున్నాడు. ధృష్టద్యుమ్నుడు అతడి తల నరికాడు. తండ్రిని చంపడానికి ఆయుధమైనది కొడుకు పేరు. కొడుకు పోయాడన్న అబద్ధపు శోకంతో తండ్రి ఆయుధం కింద పెట్టాడు, తండ్రి పోయాడన్న నిజమైన శోకంతో కొడుకు ఆయుధం పట్టాడు. ఒకే రోజు, ఒకే కుటుంబంలో, ఒకే రకం దుఃఖానికి రెండు భిన్నమైన సమాధానాలు. శోకం మనిషిని ఎటు తీసుకుపోతుందో ముందుగా నిర్ణయమై లేదని కథ ఇక్కడే చెప్పింది.

ఆ పదిహేనో రోజు గురించి మరొక సంగతి మరుగున పడుతుంటుంది. అదే రోజు తెల్లవారుజామున ద్రోణుడు ద్రుపదుణ్ణి, అతడి ముగ్గురు మనుమలను చంపాడు. అంటే ధృష్టద్యుమ్నుడు నిరాయుధుడైన ముసలివాణ్ణి చంపేనాటికి అతడికీ కొన్ని గంటల కిందటే తండ్రి పోయాడు. ద్రోణవధ కూడా ఒక కొడుకు తీర్చుకున్న పగే. ఇంకా వెనక్కి పోతే ఈ వైరం మొదలు ఒక పసివాడి ఆకలిలో ఉంది. కలవారి పిల్లలు పాలు తాగడం చూసి బాలుడైన అశ్వత్థామ పాలకోసం ఏడ్వడం, పేద తండ్రి ద్రోణుడు బాల్యమిత్రుడైన ద్రుపదుణ్ణి ఆశ్రయించి అవమానం పాలవడం ఆదిపర్వంలో ఉంది. నన్నయ కూడా ఆ ఘట్టాన్ని ఆర్ద్రంగా చెప్పాడు. ఆ అవమానానికి ప్రతిగా అర్జునుడి చేత ద్రుపదుణ్ణి బంధింపజేయడం, దానికి ప్రతిగా ద్రోణవధ కోసం ద్రుపదుడు యజ్ఞం చేసి ధృష్టద్యుమ్నుణ్ణి పొందడం తరువాతి కథ. కొడుకు పాలకోసం గడప దాటిన తండ్రి ఆ దారిలోనే తన చావు దగ్గరికి నడిచాడు. అశ్వత్థామకు ఈ వరుస తెలియకపోదు. తెలిసీ దానిని తెంచలేకపోయాడు.

తండ్రి మరణవార్త విన్న క్షణంలో అశ్వత్థామ చేసింది నారాయణాస్త్ర ప్రయోగం. సైన్యం పారిపోతుంటే ఎందుకని దుర్యోధనుణ్ణి అడిగితే అతడు చెప్పలేకపోయాడు. మేనమామ కృపుడు చెప్పాడు. ఆ క్రోధం యోధుడి క్రోధం. పగటివేళ, ఎదుట నిలిచిన సైన్యంపై, తెలిసిన అస్త్రంతో వెల్లడైంది. శ్రీకృష్ణుడి మాటపై అందరూ ఆయుధాలు దించడంతో అది శాంతించింది. దీనిని పతనమనలేము. పితృశోకమే కారణమైతే పతనం ఇక్కడే మొదలు కావాలి.

మొదలు కాలేదనడానికి కర్ణపర్వంలోని సాక్ష్యం నిర్ణాయకమైనది. పదిహేడో రోజున, దుశ్శాసనుడు చనిపోయిన తరువాత, కర్ణుడు ఇంకా బ్రతికి ఉండగా, అశ్వత్థామ దుర్యోధనుడి చేయి పట్టుకొని సంధి చేసుకొమ్మని వేడుకున్నాడు. భీష్ముడు పోయాడు, తన తండ్రి పోయాడు, ఇక చాలునన్నాడు. తాను వారిస్తే అర్జునుడు ఆగుతాడని, పాండవులతో కలసి రాజ్యం ఏలుకోవచ్చునని నచ్చజెప్పాడు. తమ్ముడి నెత్తురు భీముడు తాగాడన్న మాట చెప్పి నిరాకరించినవాడు దుర్యోధనుడు. తండ్రి పోయిన రెండు రోజులకు, ఆ తండ్రిని చంపినవాడు ఎదుటి శిబిరంలో బ్రతికి ఉండగానే, శాంతి కోరిన అశ్వత్థామ ఇతడు. ఈ ఒక్క ఘట్టం చాలు, శోకం నుంచి నేరుగా పతనానికి గీసిన గీత చెరిగిపోవడానికి. దృశ్యమాధ్యమం ఎన్నుకొనే ఘట్టాల్లో ఇది సహజంగానే వెనుకబడుతుంది. ఉరికే కథను రెండడుగులు వెనక్కి లాగే సన్నివేశం అది.

మరి మలుపు ఎక్కడ? శల్యపర్వం చివర తొడలు విరిగి పడివున్న దుర్యోధనుణ్ణి చూసినప్పుడు అశ్వత్థామ అన్న మాట గమనింపదగినది. నీచులు తన తండ్రిని క్రూరంగా చంపినందుకు కూడా తాను ఇంతగా తపించలేదని, ఈ రోజు రాజు స్థితి చూసి తపిస్తున్నానని అతడి మాట సారాంశం. తన దుఃఖాలలో పెద్దది ఏదో అతడే కొలిచి చెప్పాడు. తండ్రి మరణం కన్నా మిత్రుడి పతనం ఎక్కువ బాధించిందని ఒప్పుకున్నవాడు, కొన్ని గంటలు గడిచాక మర్రిచెట్టు కింద కృపుడితో వాదించేటప్పుడు మళ్లీ తండ్రి పేరే ముందుకు తెస్తాడు. తండ్రిని చంపినవారిని చంపి తీరతానంటాడు. కారణంగా వెనుకబడినది సమర్థనగా ముందుకు వచ్చింది. మానవ స్వభావాన్ని ఎరిగిన కవి మాత్రమే పట్టుకోగల తేడా ఇది.

ఆ రాత్రి సంభాషణ సౌప్తికపర్వానికి ప్రాణం. నిద్రిస్తున్న కాకులను గుడ్లగూబ చంపడం చూసి అశ్వత్థామకు ఆలోచన తట్టడం అందరికీ గుర్తుంటుంది. చిత్రానికి అనువైన ఘట్టం కావడం దానికి కారణం కావచ్చు. కాని గుడ్లగూబ ఉపాయం మాత్రమే నేర్పింది. ఆ పని చేయవచ్చునన్న తీర్పు కృపుడితో జరిగిన వాదంలో వచ్చింది. దైవం, పురుషకారం రెండూ కలిస్తేనే కార్యం ఫలిస్తుందని, పెద్దలైన ధృతరాష్ట్రుణ్ణి, గాంధారిని, విదురుణ్ణి అడుగుదామని కృపుడు అంటాడు. ఎవరి బుద్ధి వారికి గొప్పగా తోస్తుందని, ఒకే మనిషి బుద్ధి కూడా వయసుతో మారుతుందని అశ్వత్థామ బదులిస్తాడు. సలహా అడగడమనే ఆచారాన్నే కొట్టివేసే వాదం ఇది. ఈ రాత్రి నిద్రపోయి రేపు పోరాడుదామని మేనమామ అంటే, కోపించినవాడికి, వ్యథ చెందినవాడికి, కార్యం తలపోసేవాడికి, కోరిక గలవాడికి నిద్ర ఎక్కడిదని అడుగుతాడు. ఆ నాలుగూ తనలోనే ఉన్నాయంటాడు. నిద్రించేవారిని చంపడం ధర్మం కాదని కృపుడు చెప్పినప్పుడు, ధర్మసేతువును ముందుగా తెంచినవారు పాండవులేనని ఒక జాబితా చదువుతాడు. శిఖండిని అడ్డుపెట్టుకొని భీష్ముణ్ణి పడగొట్టడం, ప్రాయోపవిష్టుడైన భూరిశ్రవుడి వధ, అస్త్రసన్న్యాసం చేసిన ద్రోణుడి వధ, చక్రం కుంగిన కర్ణుడి వధ, దుర్యోధనుడి తొడలు విరగగొట్టడం అందులో ఉన్నాయి.

ఈ జాబితాలో అబద్ధం ఒక్కటీ లేదు. సౌప్తికం చదివేవారిని ఇబ్బంది పెట్టేది అదే. అశ్వత్థామ ఆరోపణలన్నీ నిజం, ముగింపు మాత్రం తప్పు. ఆ తప్పు అతడికి తెలియనిదీ కాదు. దీనికి ఫలంగా మరుజన్మలో పురుగునై పుట్టినా సరేనని అతడే అంటాడు. శిబిరద్వారం దగ్గర మహాభూతం తన ఆయుధాలన్నింటినీ మింగివేసినప్పుడు, కృపుడి మాట గుర్తు చేసుకొని, ఎవరెవరిపై ఆయుధం ఎత్తరాదో శాస్త్రం చెప్పిన వరుస అంతా నెమరువేస్తాడు. నిద్రించేవాడు ఆ వరుసలో ఉన్నాడు. ఇంత స్పష్టంగా తెలిసి చేసినవాణ్ణి శోకోన్మత్తుడనడం అతడి బుద్ధిని తక్కువ చేయడం, అతడి బాధ్యతను తేలిక చేయడం కూడా.

తిక్కన సౌప్తికాన్ని రెండు ఆశ్వాసాలకు కుదించినా ఈ మామ-అల్లుళ్ల సంభాషణను నిలిపాడు. సంభాషణల ద్వారా పాత్రలను నిలబెట్టే ఆయన నాటకీయ పద్ధతికి ఇది అనువైన ఘట్టం. హరిహరనాథుణ్ణి కొలిచిన కవికి, శివుడు అశ్వత్థామకు ఖడ్గమిచ్చి అతడిలో ప్రవేశించడం, ఆ తరువాత కృష్ణుడు అతడిని శపించడం ఒకే కథలో ఇమడ్చడం ఎంతటి పరీక్షో ఊహించవచ్చు. అది వేరే వ్యాసానికి తగిన విషయం. ఇక్కడ గుర్తించవలసింది కృపుడి సంగతి. ద్రోణుడు అతడి చెల్లెలి భర్త. ఆ మరణం అతడి ఇంటి మరణం కూడా. ధర్మం చెప్పినవాడూ అతడే, ఆ రాత్రి కృతవర్మతో పాటు శిబిరద్వారం కాచి పారిపోయి వచ్చినవారిని చంపినవాడూ అతడే. అశ్వత్థామ పతనాన్ని గురించి ఇంత రాసినవారు కృపుడి పతనాన్ని గురించి అంతగా రాయలేదు. వాదంలో ఓడి వెంట నడిచినవాడికి వాదించి గెలిచినవాడి అపకీర్తి అంటదు కాబోలు.

శిబిరం లోపల జరిగినది క్లుప్తంగా చెప్పుకున్నా చాలు. ధృష్టద్యుమ్నుణ్ణి ఆయుధంతో చంపమని అతడు వేడుకున్నా వినక, వీరమరణం దక్కనీయక, కాళ్లతో తొక్కి చంపాడు. తరువాత ఉత్తమౌజుడు, యుధామన్యుడు, ద్రౌపది ఐదుగురు కొడుకులు, శిఖండి. చివరకు బ్రహ్మశిరోనామకాస్త్రాన్ని ఉపసంహరించడం చేతకాక పాండవ స్త్రీల గర్భాలపైకి మళ్లించాడు. లక్ష్యం ఎలా విస్తరించిందో చూడాలి. మొదట తండ్రిని చంపినవాడు, తరువాత అతడి వంశం, తరువాత మిత్రుడి శత్రువుల పిల్లలు, ఆఖరుకు ఇంకా పుట్టని శిశువు. ఉత్తర గర్భంలో ఉన్న ఆ శిశువు అప్పటికే తండ్రి లేనివాడు. తండ్రిలేని బాధతో బయలుదేరినవాడి ఆఖరి అస్త్రం తండ్రి ముఖం చూడబోని బిడ్డపై పడింది. పతనం కొలతకు ఇంతకంటే కచ్చితమైన గీటురాయి కథలో లేదు.

ఈ అస్త్రం విషయంలోనే సౌప్తికపర్వం ఒక పాత సంగతి బయటపెడుతుంది. ద్రోణుడు దానిని మొదట అర్జునుడికి ఇచ్చాడు. కొడుకు ఓర్వలేక అడిగితే అయిష్టంగా ఇస్తూ, మనుషులపై ప్రయోగించవద్దని హెచ్చరించి, సత్పురుషుల మార్గంలో అతడు నిలవడన్న శంకను కూడా వెల్లడించాడు. పాండవులు వనవాసంలో ఉన్న రోజుల్లో అశ్వత్థామ ద్వారకకు వెళ్లి, ఆ అస్త్రం ఇచ్చి సుదర్శనచక్రం తీసుకుంటానని బేరం పెట్టాడు. కృష్ణుడు తీసుకొమ్మన్నాడు. ఎడమచేత, కుడిచేత ఎంత ప్రయత్నించినా ఎత్తలేకపోయాడు. ఎవరితో పోరాడటానికని అడిగితే, నీతోనే అని చెప్పాడు. కృష్ణుడు ఈ కథను ధర్మరాజుకు చెప్పేది సౌప్తికవధ జరిగిపోయిన తరువాత. ద్రోణుడు బ్రతికి ఉన్ననాడే, ఏ శోకమూ లేనినాడే, కొడుకులో ఆ ఆశ ఉందని చెప్పడానికే కవి ఈ పూర్వకథను ఇంత ఆలస్యంగా ఇక్కడ పెట్టాడని నా అభిప్రాయం. చదువరి జాలి ఒక కొలిక్కి వచ్చే వేళకు దానిని సరిచూసుకొమ్మని హెచ్చరించడం ఇది.

తండ్రి మరణాన్నే ఏకైక కేంద్రంగా చేసిన ఆధునిక పఠనానికి సాహిత్యంలో బలమైన ఆధారం ధర్మవీర్ భారతి హిందీ పద్యనాటకం ‘అంధాయుగ్’ (1954). దేశవిభజన, రెండో ప్రపంచయుద్ధం తరువాతి నిరాశలో పుట్టిన ఈ నాటకంలో ధర్మరాజు అర్ధసత్యమే అశ్వత్థామలోని మనిషిని చంపుతుంది. రెండో అంకం పేరే ‘పశువు ఉదయం’ అన్న అర్థమిస్తుంది. నాటకం పద్దెనిమిదో రోజు సాయంత్రం మొదలవుతుంది కాబట్టి పదిహేడో రోజు శాంతియాచనకు దానిలో చోటు లేదు. సత్యదేవ్ దూబే (1962), ఇబ్రహీం అల్కాజీ (1963) ప్రదర్శనల తరువాత ఈ అశ్వత్థామ భారతీయ రంగస్థలానికి ప్రామాణిక రూపమయ్యాడు. గాయపడి పశువైన మనిషి అన్న ఆ భావన తరువాతి దృశ్యరూపాలకు మార్గం సుగమం చేసింది. 2013లో వచ్చిన మరో ‘మహాభారత్’ ధారావాహికలోనూ, 2024 నాటి ‘కల్కి 2898 ఏడీ’ తెలుగు చలనచిత్రంలోనూ అశ్వత్థామ ఉన్నాడు. ఆ చలనచిత్రం శాపాన్ని ప్రాయశ్చిత్తానికి తొలిమెట్టుగా మార్చింది. అది పూర్తిగా కొత్త ఊహ కాదు. రాబోయే సావర్ణి మన్వంతరంలో సప్తర్షులలో ఒకడుగా ద్రోణపుత్రుణ్ణి భాగవతం ఎనిమిదో స్కంధం పేర్కొన్నది.

శోకం పతనానికి చాలినంత కారణం కాదనడానికి తెలుగు సాహిత్యంలో మరొక సాక్షి పోతన ద్రౌపది. వ్యాసభారతంలో ఆమె ప్రాయోపవేశానికి కూర్చొని అశ్వత్థామ ప్రాణం అడిగి, చివరకు అతడి తలపై మణితో సరిపెట్టుకుంటుంది. భాగవతం ప్రథమస్కంధంలో, కట్టి తెచ్చిన అశ్వత్థామను చూసి నమస్కరించి, తన పిల్లల కోసం తాను ఏడ్చినట్లు కృపి ఏడ్వరాదని, విడిచిపెట్టమని కోరుతుంది. తండ్రిని, అన్నదమ్ములను, ఐదుగురు కొడుకులను పోగొట్టుకున్న స్త్రీ ఆమె. నష్టం లెక్కిస్తే అశ్వత్థామ కన్నా ఎన్నో రెట్లు. తన దుఃఖంలో నుంచి ఆమె మరొక తల్లి దుఃఖాన్ని చూడగలిగింది. పోతన పలికించిన ఆ మాటల్లో కరుణతో పాటు నిలదీత ఉంది. అశ్వత్థామ తల ఎత్తలేకపోవడం ఆ నిలదీతకే.

చోప్రా ధారావాహిక చేసిన ఒక మార్పు ఈ చర్చకు అన్నింటికంటే ముఖ్యమైనదని నేను భావిస్తాను. అందులో కథ చెప్పేది కాలం. హరీష్ భిమాని కంఠంలో ‘సమయం’ నేరుగా ప్రేక్షకుడితో మాట్లాడుతుంది. వ్యాసభారతంలోనూ నన్నయ భారతంలోనూ కథ చెప్పేవాడు వైశంపాయనుడు, వినేవాడు జనమేజయుడు. ఈ వినేవాడు ఎవరు? అశ్వత్థామ అస్త్రం నుంచి గర్భంలో బయటపడిన పరీక్షిత్తు కొడుకు. తక్షకుడి కాటుకు తండ్రి చనిపోతే, చంపిన ఒక్క సర్పంతో ఆగక సర్పజాతి మొత్తాన్ని అగ్నిలో వేయడానికి యాగం తలపెట్టినవాడు. లక్ష్యం విస్తరించిన తీరు అదే. ఆస్తీకుడు వచ్చి ఆ యాగాన్ని ఆపించాడు. సౌప్తికకథ మొదట వినిపించింది ఇటువంటి కొడుకుకు, ఇటువంటి యాగశాలలో. ధారావాహికలో ఆ శ్రోత లేడు. అతడు లేకపోవడంతో తండ్రి కోసం పగబట్టిన కొడుకు కథ ఆదివారం నాటి ప్రేక్షకుడికి పరాయివాడి కథగా మిగిలింది.